నగరమునకు రెండు విమానాశ్రయములు: పంపక మెవరిది?

2025 డిసెంబరు 25వ తేదీన నవీ ముంబై విమానాశ్రయమునుండి ప్రయాణికుల విమానములు ఎగురుట మొదలయ్యెను. అంతకుముందే, అక్టోబరు 8వ తేదీన, ప్రధానమంత్రి దానికి ప్రారంభోత్సవము గావించి యుండిరి. ఎన్నో యేండ్లు కాగితములమీదనే నడచిన సంకల్పము తుదకు నేలమీదికి వచ్చినది. సంతోషమే. కాని ఉత్సవపు పందిళ్లు విప్పిన మరునాడే పుట్టు ప్రశ్న యొకటి కలదు. ఒక మహానగరమునకు రెండు విమానాశ్రయము లేర్పడినప్పుడు ఏ విమానము దేనియందు దిగవలెను? ఏ ప్రయాణికుడు ఏ ద్వారమునకు పోవలెను? ఈ పంపకము చేయు నధికార మెవరిది?

ఇది బొంబాయివారి గొడవ, మనకేల యని చదువరులు తలపవలదు. భివండీ మగ్గములకడ బ్రతుకు తెలుగు నేతగాండ్రు వేలకొలదిగా నున్నారు. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫు దేశములకు కూలికి పోయిన మనవారు చిరకాలము బొంబాయి మీదుగనే సముద్రము దాటిరి. అంతకంటె ముఖ్యమైన కారణ మొకటి కలదు. బొంబాయిలో నేడు పుట్టిన ప్రశ్న హైదరాబాదులో 2008లోనే పుట్టినది. దానికి మనకు లభించిన సమాధానము విచారింపదగియున్నది.

రెండవ విమానాశ్రయము అవసరమా యను వాదమునకు బొంబాయిలో తావు లేదు. పాత విమానాశ్రయమునకు రన్‌వేలు రెండున్నను, అవి యొకదానినొకటి ఖండించుకొని పోవును గనుక ఏకకాలమున ఒక్కటియే పనికివచ్చును. ఆ ఒక్క దారిమీదనే 2024-25వ సంవత్సరమున సుమారు 5.5 కోట్ల మంది రాకపోకలు సాగించిరి. చుట్టును ఇండ్లు, గుడిసెలు. పెంచుటకు జానెడు నేల లేదు. కావుననే ఉల్వే కొండను తవ్వి, ఉల్వే నదిని మళ్లించి, పది గ్రామముల ప్రజలను లేవనెత్తి, 1,160 హెక్టారులలో రెండవదానిని కట్టిరి. మొదటి దశలో ఏటికి 2 కోట్ల మందికి చాలునని దాని యంచనా. కట్టుట వరకు ఇంజనీర్ల పని. పంచుట వేరు పని.

బెజవాడ ఆనకట్టకడ లాకు లెత్తి దించి నీటిని తూర్పు కాలువకు కొంత, పడమటి కాలువకు కొంత వదలినట్లు విమానములను గూడ వదలవచ్చునని కొంద రనుకొందురు. నీటి కే కాలువలో పారినను ఒక్కటియే. ప్రయాణికుడు అట్టివాడు కాడు. లండనుకో, దుబాయికో పోవు విమానమున కూర్చున్నవారందరును బొంబాయి కాపురస్థులు కారు. నాగపూరునుండి, ఇందూరునుండి, హైదరాబాదునుండి చిన్న విమానములలో వచ్చి పెద్ద విమాన మెక్కువారు వారిలో ననేకులు. ఆ చిన్న విమానము లొకచోటను, ఈ పెద్ద విమానములు వేరొకచోటను దిగినచో రెండును క్షీణించును. మధ్య నలువది కిలోమీటర్ల బాట. ఆ బాటమీద బొంబాయి బండ్ల రద్దీ! ధనవంతుడు కారులో పోవును. జగిత్యాల తాలూకా కూలి తన సంచులు, తాళ్లతో గట్టిన పెట్టెలు మోసికొని, రెండవ విమానాశ్రయము పేరైనను సరిగా చదువజాలక, అద్దె బండివా డడిగినంత యిచ్చి పోవలెను. పంపకములోని తప్పునకు మొదట సుంకము చెల్లించువాడు వాడే.

ఈ పాఠమును ఎంతయో వెల యిచ్చి నేర్చుకొన్న దేశము కెనడా. మాంట్రియల్ నగరమునకు డోర్వాల్ అను విమానాశ్రయము దగ్గరనే యుండెను. అది త్వరలో నిండిపోవునని లెక్కలు గట్టి, కెనడా కేంద్ర ప్రభుత్వము 1969లో నగరమునకు సుమారు 55 కిలోమీటర్ల దూరమున మిరాబెల్ అను చోట క్రొత్త విమానాశ్రయము కట్ట నిశ్చయించెను. క్వెబెక్ రాష్ట్ర ప్రభుత్వము వేరొక చోటు కోరినను వినిపించుకొనలేదు. 97,000 ఎకరముల నేలను స్వాధీనము చేసికొనిరి; అది మాంట్రియల్ నగర వైశాల్యమునకంటె నెక్కువ. తరతరములుగా దున్నుకొనుచున్న రైతు కుటుంబములు దాదాపు మూడువేలు నిర్వాసితములయ్యెను. 1975లో క్రొత్త విమానాశ్రయము తెరచిరి. అప్పుడు పంపకము వచ్చెను. విదేశములకు పోవునవి, అమెరికావి తప్ప, మిరాబెల్‌లో దిగవలెను. స్వదేశపు విమానములును, అమెరికా విమానములును డోర్వాల్‌లోనే యుండవలెను. కాగితముమీద చూచిన ఎంత చక్కని పంపకము! దూరమునకు పోవువాడు దూరపు విమానాశ్రయమునకు పోవుటలో నన్యాయ మేమున్నదని ఆనాటి అధికారులు తలంచి యుందురు.

జరిగిన దేమనగా, పారిసునుండి వచ్చి ఒటావాకో, క్వెబెక్ నగరమునకో పోదలచినవాడు మిరాబెల్‌లో దిగి, బస్సెక్కి, డోర్వాల్ చేరవలసివచ్చెను. రెంటిని కలుపుదుమన్న రైలు రాలేదు. వేయుదుమన్న రాజమార్గము పూర్తిగా పడలేదు. విమాన కంపెనీలు నిమ్మళముగా టొరంటో దారి పట్టినవి. అక్కడ అన్ని విమానములును ఒక్క చోటనే దొరకును గదా! మాంట్రియల్ కెనడాకు సింహద్వారముగా నుండిన గౌరవము ఆ విధముగ జారిపోయెను. దూరము పోగల విమానములు వచ్చుటయు, 1973 తరువాత చమురు ధర పెరుగుటయు నిందుకు తోడ్పడినవి. పంపకమొక్కటే కారణమని మేము చెప్పము; కాని రోగిమీద పడిన చివరి గుదిబండ అదియే. 1997లో విదేశీ విమానములను డోర్వాల్‌కు తిరిగి రానిచ్చిరి. 2004 అక్టోబరు 31వ తేదీతో మిరాబెల్‌లో ప్రయాణికుల విమానములు నిలిచిపోయెను. పదియేండ్లకు, 2014లో, ఆ భవనమును పడగొట్ట నారంభించిరి. లాగుకొన్న భూమిలో నధిక భాగమును 1985 తరువాత రైతులకు తిరిగి యిచ్చిరి, మరికొంత 2006లో. మిరాబెల్ కట్టించిన ప్రభుత్వమునకు నాయకుడు పియర్ ట్రూడో. 2004లో ఆయన పేరు పెట్టినది డోర్వాల్‌కు! చరిత్రకు హాస్యప్రియత్వము లేదని యెవరనగలరు?

ఇటలీ దేశపు మిలాను కథ వేరు రకము. న్యాయవాదులకు అది మరింత రుచించును. అచ్చట లినాటే అనునది నగరమునకు ఏడెనిమిది కిలోమీటర్లు, మాల్పెన్సా అనునది సుమారు నలువదియైదు. 1996లో మంత్రి యొక యాజ్ఞ వెలువరించెను: ఏటికి 20 లక్షలమంది ప్రయాణికులు గల మార్గములు మాత్రమే లినాటేలో నుండవచ్చును, తక్కినవి మాల్పెన్సాకు తరలవలెను. ఎవరి పేరును అందు లేదు. సర్వులకు సమానమైన సూత్రము. కాని అంతమంది ప్రయాణికులు గల మార్గము ఒక్కటియే, రోము మార్గము! అదియు ఆ దేశపు విమాన సంస్థయైన అలిటాలియాకు ఆయువుపట్టు. రోములో దిగి ప్రపంచమున నెచటికైనను అలిటాలియాలో పోవచ్చును. ఫ్రాంక్‌ఫర్టు మీదుగానో, లండను మీదుగానో పోదలచినవాడు మాత్రము మాల్పెన్సాకు ఈడ్చుకొని పోవలెను. విదేశీ కంపెనీలు మొరపెట్టుకొనగా ఐరోపా కమిషను 1998 సెప్టెంబరులో విచారించి, ఆ సూత్రము పైకి సమముగా కనబడినను లోపల పక్షపాతము కలదని తీర్పు చెప్పెను. మాల్పెన్సాకు సరియైన రైలైనను లేదని గూడ వేలెత్తి చూపెను. ఆ రైలు మరుసటి యేడు గాని రాలేదు. ఇంతచేసి తన కంపెనీకి మేలు చేయగోరిన ప్రభుత్వమునకు దక్కిన దేమి? 2008లో అలిటాలియాయే మాల్పెన్సాను విడిచిపెట్టి పోయెను.

టోక్యోలో హనెడా స్వదేశమునకును, నరీతా విదేశములకును అని 1978లో పంచిరి. నరీతా రైతులు 1966నుండి పోరాడిరి, ప్రాణనష్టము జరిగినది, 1995లో ఆ దేశ ప్రధాని మురయామా వారికి క్షమాపణ చెప్పుకొనెను. ఆ పంపకములో నొక చమత్కారము. తైవాను విమానములను మాత్రము 2002 వరకు హనెడాలోనే దిగనిచ్చిరి, చైనావారి విమానముల ప్రక్కన నిలువవలసిన యిబ్బంది రాకుండుటకు! తుదకు 2010లో హనెడాలో విదేశీయుల కొఱకు క్రొత్త భవనము తెరచి, ముప్పది రెండేండ్ల నియమమును తామే సడలించుకొనిరి.

ఈ యనుభవములనుండి ఐరోపావారు శాసనమొకటి అల్లుకొనిరి. 2008లో చేసిన వారి 1008వ నిబంధనలో 19వ ప్రకరణము దీనినే చెప్పుచున్నది. ఒకే నగరమునకు సేవ చేయు విమానాశ్రయముల నడుమ ప్రభుత్వములు విమానములను పంచవచ్చును. కాని ఆ విమానాశ్రయములనుండి నగరమునకు 90 నిమిషములలో చేరుటకు తగిన మార్గముండవలెను. ఒకదానికొకటికిని, నగరమునకును, తరచుగా నడచు నమ్మకమైన ప్రజావాహనము లుండవలెను. కంపెనీకి కంపెనీకి భేదము చూపరాదు. నియమమును ముందుగా బహిరంగపరచవలెను. ముందు రైలు, తరువాత పంపకము. ఇందు బ్రహ్మరహస్య మేమియు లేదు. మాంట్రియల్ వారికి 1975లో ఈ బుద్ధి పుట్టియుండిన వారి కథ వేరుగా నుండెడిది.

ఇక మన ఇంటి సంగతి. 2008 మార్చి 23వ తేదీనుండి శంషాబాదు విమానాశ్రయము పనిచేయసాగెను. ఆ రాత్రితోనే బేగంపేట ప్రయాణికులకు మూతపడెను. రెండు నెలలకు, మే 24వ తేదీన, బెంగుళూరులో హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయమునకు నదే గతి పట్టెను. బేగంపేట సర్వజనుల సొమ్ము, ఊరి నడుమ నున్నది, చెడిపోయినది కాదు. దానిని మూయరాదని ఆ మార్చి నెలలోనే విమానాశ్రయ ప్రాధికార సంస్థ యుద్యోగులు దేశమంతట సమ్మె చేసిరి. శంషాబాదునకు పోవు పీ.వీ. నరసింహారావు వంతెన బాట 2009 అక్టోబరున గాని తెరువలేదు. అనగా ఏడాదిన్నర కాలము జనులు బాట లేని విమానాశ్రయమునకు పోయిరి. రైలు మాట సరేసరి. ఉందానగరు వరకు లోకల్ రైలున్నను విమానాశ్రయపు గుమ్మమునకు అది చేరదు.

ఇచ్చట మేము న్యాయము తప్పక పలుకవలెను. బేగంపేటను మూయుటయే తప్పు అని కొందరనుదురు; మే మంత దూరము పోము. 2008లో హైదరాబాదు విమానము లంత యధికముగా లేకుండెను. స్వదేశపువి బేగంపేటలో, విదేశపువి శంషాబాదులో అని పంచియుండినచో మనకును మిరాబెల్ గతియే పట్టెడిది. ఒక్క చోట చేర్చుటవలననే శంషాబాదు వర్ధిల్లి, 2023-24లో సుమారు 2.5 కోట్ల మందికి ద్వారమయ్యెను. మా యాక్షేపణము నిర్ణయముమీద కాదు, అది పుట్టిన తీరుమీద. అది శాసనసభలో పుట్టలేదు; పార్లమెంటులో పుట్టలేదు. 2004 డిసెంబరు 20వ తేదీన కేంద్ర ప్రభుత్వమునకును, కంపెనీకిని జరిగిన ఒడంబడికలో పుట్టెను. విమానాశ్రయము తెరచిన నాటినుండి 25 ఏండ్లవరకు 150 కిలోమీటర్ల యాకాశదూరములో పోటీ యుండరాదని అందు వ్రాసికొనిరి. ఒడంబడిక ఇద్దరినే బంధించునని న్యాయశాస్త్రము చదువుకొన్న ప్రతి విద్యార్థియు నెరుగును. కాని ఈ ఒడంబడిక సంతకము చేయని కోట్ల జనులను బంధించెను.

శాసనమైనచో మార్చుకొనవచ్చును. అమెరికాలో డాలస్ నగరమునకు 1974లో పెద్ద విమానాశ్రయము తెరచినప్పుడు, పాత లవ్ ఫీల్డును వదలనన్న చిన్న కంపెనీ యొకటి కోర్టు కెక్కి గెలిచెను. అంతట 1979లో అమెరికా కాంగ్రెసు చట్టము చేసి, లవ్ ఫీల్డునుండి టెక్సాసునకును, చుట్టుపట్ల నాలుగు రాష్ట్రములకును తప్ప పెద్ద విమానములు పోరాదనెను. మంచి చట్టమని మేము చెప్పము. అయినను అది చట్టము గనుక జనులు తర్కించిరి, సభ్యులకు వ్రాసిరి, క్రమముగా సడలించుకొనిరి; 2014 అక్టోబరున ఆ బంధము తీరిపోయెను. ఒడంబడిక యైనచో వరంగల్లు వారి వలె నుండవలెను. మామునూరులో నిజాము కాలపు విమానాశ్రయ మున్నది. దానిని తిరిగి తెరచుట కెన్నిమారు లర్జీ పెట్టుకొన్నను, అది శంషాబాదునకు 150 కిలోమీటర్ల లోపల నున్నది గనుక కంపెనీ సమ్మతి కావలసివచ్చెను. ఆ సమ్మతి లభించిన పిమ్మటనే 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వ మనుమతించెను. కాకతీయుల రాజధాని తన యూరి యాకాశమునకు వేరొకరి సెలవు కొఱకు వేచియుండెను!

ఢిల్లీలో నిదే కథ మరియొక రూపము దాల్చెను. హిండన్ అనునది వైమానిక దళపు స్థలము. నగరమునకు తూర్పున యమున కావలివైపు నున్న జనులకు అనుకూలము. అచ్చటనుండి వ్యాపార విమానములు నడుపుట కనుమతించినందులకు 2025లో ఢిల్లీ విమానాశ్రయపు కంపెనీ కేంద్ర ప్రభుత్వముపై హైకోర్టులో దావా వేసెను. తన ఒడంబడికను కాపాడుకొనుట కంపెనీ హక్కు. దానిని మేము దూషింపము. ప్రభుత్వము తన యాకాశమును తాను పంచుకొనుటకు కోర్టులో సంజాయిషీ చెప్పుకొను స్థితిని ముందుగా నెవరు కల్పించిరో అది విచారింపవలెను.

బొంబాయిలో పోటీ తగవు లేదు. ఏలయనగా రెండు విమానాశ్రయములును ఒక్క చేతిలోనే యున్నవి. 2017లో నవీ ముంబై టెండరు గెలిచినది పాత విమానాశ్రయమును నడపు కంపెనీయే. నాడది హైదరాబాదునకు చెందిన జీ.వీ.కే. వారిది, 2021లో అదానీవారిది అయ్యెను. ఒకే చేయి యుండుట మంచిదే, విమానములు చిక్కుపడక నడచును అని వాదించువారు కలరు. అందు కొంత నిజము కలదు. అయినను ఈ లెక్క చూడుడు. పాత విమానాశ్రయపు రాబడిలో నూటికి 38.7 రూపాయలు విమానాశ్రయ ప్రాధికార సంస్థకు చెల్లించుటకు 2006లో ఒప్పుకొనిరి. క్రొత్తదాని రాబడిలో సిడ్కోకు చెల్లించునది నూటికి 12.6. అనగా ఒకే ప్రయాణికుడు, ఒకే నగరము. వాడు క్రొత్త ద్వారమున పోయినచో యజమానికి మిగులునది యెక్కువ, ప్రజల బొక్కసమునకు వచ్చునది తక్కువ. ఈ లెక్క చూచియే వారు విమానములను మళ్లింతురని మేము నేరము మోపుట లేదు. పాత టెర్మినల్ నొకదానిని పడగొట్టి మరల కట్టుదుమని వారు ప్రకటించుటకు ఇంజనీర్లు చెప్పు కారణములు సరియైనవే కావచ్చును. కాని తన లాభము చేరియున్న వ్యాజ్యెములో తానే తీర్పరిగా కూర్చుండరాదనుట మున్సబు కోర్టునుండి సుప్రీము కోర్టు వరకు పాటించు నియమము. అది ఆకాశమున మాత్ర మేల చెల్లదు?

2008లో చేసిన చట్టముచేత విమానాశ్రయముల సుంకములు నిర్ణయించుటకు ఒక ప్రాధికార సంస్థ యేర్పడియున్నది. సుంకము చూచుట దాని పని. విమానముల పంపకము దాని పనిలో చేరలేదు. ఆ చట్టమునకే యొక యధ్యాయము చేర్చవచ్చును. ఏ నగరమునకైనను రెండు విమానాశ్రయము లున్నచోట, పంపకపు నియమమును ఆ సంస్థ ముందుగా ప్రకటించి, ప్రయాణికులను, కంపెనీలను, ఇరుగుపొరుగు గ్రామములవారిని విని, కారణములు వ్రాసి నిర్ణయింపవలెను. రెంటి నడుమ రైలు నడుచువరకు బలవంతముగా నే తెగ విమానములను గాని తరలింపరాదు. నవీ ముంబైలో విమానము లెగిరిననాటికి రెంటిని కలుపు మెట్రో ఇంకను సంకల్పదశలోనే యుండెను. మారు విమాన మెక్కువాడు ఒక చోట దిగి వేరొక చోట నెక్కవలసిన టిక్కెట్టు కొనినప్పుడు, ఆ సంగతి టిక్కెట్టుమీద వాని భాషలో అచ్చుపడవలెను. మధ్య ప్రయాణపు ఖర్చు అమ్మినవాడే భరింపవలెను. మీదుమిక్కిలి, ఇకమీద వ్రాయు నే ఒడంబడికలోను 150 కిలోమీటర్ల వంటి షరతు పార్లమెంటు ముందుంచక వ్రాయరాదు.

హైదరాబాదు షరతు 2033 మార్చితో తీరును. కంపెనీకిచ్చిన ఒడంబడిక గడువు మాత్రము, అందే వ్రాసియున్న హక్కు ననుసరించి, 2022లో 2068 వరకు పొడిగింపబడెను. కాబట్టి 2033 తరువాత బేగంపేట యేమగునను ప్రశ్న మిగిలియున్నది. రన్‌వే ఉన్నది, రాజకీయ ప్రముఖుల విమానములు దిగుచున్నవి, రెండేండ్లకొకమారు విమానముల ప్రదర్శన జరుగుచున్నది. అది చిన్న విమానములకు మరల తెరువబడునో, సైన్యమునకే విడువబడునో, ఇండ్ల స్థలములుగా మారునో ఇప్పటికి నెవరును బహిరంగముగా చెప్పలేదు. ఆ యేడు ముంచుకొని వచ్చిన పిమ్మట సచివాలయములో తలుపులు మూసికొని తేల్చుటకు ముందే, నగర సంస్థయు, వర్తక సంఘములును, సికింద్రాబాదు పౌర సంఘములును తమ యభిప్రాయములను లిఖితపూర్వకముగా కేంద్ర మంత్రికిని, శాసనసభ్యులకును పంపవలెను. వరంగల్లువారు కలసివచ్చినచో మరింత మేలు.